నూట పంతొమ్మిదో వస్తువు

ఆ రోజు ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి రాష్ట్ర మ్యూజియం చేరడం, పదకొండు లోపల తన వంతు మూడు గదుల్లో వస్తువులు లెక్కపెట్టడం, రిజిస్టరుతో పోల్చి ‘సరిపోయినది’ అని రాయడం, మూడింటికి డైరెక్టరుగారి చేత రెండు సంతకాలు పెట్టించుకోవడం. మొదటి సంతకం ఏడాదికోసారి జరిగే తనిఖీ పత్రం మీద. రెండోది అతని ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద. నాలుగింటికి డైరెక్టరుగారు ఏదో సదస్సుకి బయల్దేరి పోతారు, మళ్లీ పదిహేను రోజులకు గాని రారు. ఈలోగా నెల దాటిపోతుంది, నెలతో పాటు గుమాస్తా గడువూ దాటిపోతుంది.

నిజానికి ఆ కాగితం మీద పోయినేడాదే సంతకం పడాల్సింది. పోయినేడు కొత్తగా బిగించిన అద్దాల బీరువాలో ఒక చెంబు నీడను రెండో చెంబుగా లెక్కపెట్టి, ‘ఒకటి అదనం’ అని అతను నివేదిక రాశాడు. ముగ్గురు పెద్దలు భూతద్దాలు పట్టుకొని వచ్చారు. గదిలో దీపం ఆర్పగానే అదనపు చెంబు కూడా ఆరిపోయింది. అతని ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు.

మ్యూజియంలో అతనికి చాటుగా పెట్టిన పేరు ‘ఎందుకైనా మంచిది’. గదికి తాళం వేసి నాలుగుసార్లు లాగి చూస్తాడు. మెట్ల దాకా వెళ్లి, ఎందుకైనా మంచిదని వెనక్కి వచ్చి ఐదోసారి లాగుతాడు. వాళ్ల ఇంటావంటా డిగ్రీ చదివింది అతనొక్కడే. తండ్రి తాపీపని చేసేవాడు. తమవాళ్లలో ఇంతవరకూ ఎవరూ కూర్చోని కుర్చీ కాబట్టి, ఎప్పుడో ఎవరో వచ్చి ‘ఇది నీది కాదు, లే’ అంటారని అతనికి లోలోపల బెరుకు. ఆ బెరుకు కుర్చీ దగ్గర మొదలై, నెమ్మదిగా చుట్టుపక్కల మనుషులందరి మీదికీ పాకింది.

చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తలెత్తింది. ఆవిడ ఒకప్పుడు ఇళ్లకు వెళ్లి కాన్పులు చేసిన నర్సు. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటోంది.

“ఇవాళ మూడో గది కూడా లెక్కపెడతారా అల్లుడుగారూ?”

“పెడతానండీ. ఎందుకూ?”

“ఊరికే.”

‘ఊరికే’ అన్న మాట వింటే అతనికి ఒళ్లంతా చెవులైపోతాయి. మామూలు రోజైతే ఆ ఊరికే అంతు చూసేదాకా గడప దాటేవాడు కాదు. కానీ టైము లేదు.

మ్యూజియానికి నూరేళ్లు నిండిన సందర్భంగా బడిపిల్లలకు దాని చరిత్ర చెప్పే పని ఆ మధ్య అతని మీద పడింది. వారం రోజులు ఇంట్లో భార్యనీ అత్తగారినీ ఎదురుగా కూర్చోబెట్టుకొని ఉపన్యాసం అభ్యాసం చేశాడు. ఇప్పుడు అంతెత్తు స్తంభాలున్న ఈ మ్యూజియం ఒకనాడు ఒక బడిలో ఖాళీ గది. హెడ్మాస్టరు ఒకాయన పిల్లలతో, ‘మీ ఇంట్లో వాడకుండా మూల పడేసిన వస్తువు ఒకటి తీసుకురండి, దాని కథ కూడా తీసుకురండి’ అన్నాడు. తిరగలి రాళ్లు వచ్చాయి, కుంచాలు వచ్చాయి, విరిగిన తాళాలు వచ్చాయి. ఆయన ఒక రిజిస్టరు పెట్టి మొదటి పేజీలో నియమం రాసుకున్నాడు: ‘వస్తువు తెచ్చినవారిని కూర్చోబెట్టి, దాని కథ పూర్తిగా విని, ఆ పిమ్మటనే అవుననో కాదనో చెప్పవలెను.’ ఈ వాక్యం దగ్గర గుమాస్తా గొంతు కాస్త వణికించి, చెయ్యి గుండె మీద పెట్టుకునేవాడు. భార్య రెండో రోజు నుంచే కునికిపాట్లు పడింది. అత్తగారు మాత్రం ఏడు రోజులూ కళ్లార్పకుండా విన్నది.

మూడో గది తూనికలూ కొలతలూ ఉన్న గది. త్రాసులు, రాళ్లు, కుంచాలు, గజం బద్దలు. రిజిస్టరు ప్రకారం నూట పద్దెనిమిది వస్తువులు. గుమాస్తా లెక్కపెట్టాడు. నూట పంతొమ్మిది వచ్చాయి.

గుండె జారి చెప్పుల్లో పడింది. వెంటనే దీపం ఆర్పాడు. తనిఖీ కోసం తెరిచి ఉంచిన బీరువాల్లో చెయ్యి పెట్టి, ఒక్కొక్కటే వేలితో తడుముతూ మళ్లీ లెక్కపెట్టాడు. నూట పంతొమ్మిది. నీడలు వేలికి చల్లగా తగలవు. దీపం వేసి ఒక్కొక్కటే రిజిస్టరుతో పోల్చుకుంటూ పోయాడు. కిటికీ పక్క బీరువాలో, త్రాసుల వరసకి చివర, ఒక ఇత్తడి స్ప్రింగు త్రాసు వేలాడుతోంది. కింద కొక్కెం, కొక్కేనికి నాలుగు మడతలు పెట్టిన తెల్లగుడ్డ. సున్నా నుంచి ఐదు కిలోల దాకా గీతలు. వెనక తెల్ల రంగుతో ముత్యాల్లాంటి అంకెలు: 3/119. రిజిస్టరులో నూట పద్దెనిమిది కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. ఆ గీతలు కొట్టింది తనే.

“పెద్దాయనా, ఇలా రండి.”

మూడో గది తాళాలు ఉండే పెద్దాయన స్టూలు మీంచి లేచి వచ్చాడు. ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. ఇంకో పదకొండు రోజుల్లో రిటైరవుతున్నాడు.

“ఇదేంటి?”

“త్రాసు బాబుగారూ.”

“త్రాసని తెలుస్తూనే ఉంది. ఎక్కడిదీ అని.”

“బీరువాలోదే.”

“నూట పద్దెనిమిదే ఉండాలి పెద్దాయనా. ఒకటెక్కువుంది.”

“ఎక్కువే కదా బాబుగారూ. తక్కువ కాదు కదా.”

“తక్కువైతే ఫారం ఉంది. ఎక్కువైతే ఫారం కూడా లేదు. బీరువా తాళం మీ దగ్గరే కదా ఉండేది?”

తాళాలాయన తాళాలగుత్తి నడుముకి దోపుకున్నాడు. “నన్నడక్కండి. ముందు ఇంట్లో అడిగి రండి బాబుగారూ,” అన్నాడు.

గుమాస్తాకి చెవులు వేడెక్కాయి. పోయినేడు చెంబు సంగతి జరిగాక కూడా ఇలాగే ఒకరిద్దరు, ఇంట్లో చెంబులు లెక్కపెట్టుకొని రమ్మని ఎగతాళి చేశారు. పదకొండు రోజుల్లో పోయే మనిషికి ఇంత వెటకారం ఎందుకు? దొరికిపోయినవాడికే నోరెక్కువ, అనుకున్నాడు. రిపోర్టు చెయ్యకపోతే తప్పుడు పత్రం మీద సంతకం పెట్టినట్టు. చేస్తే మళ్లీ నీడ కథ. అయినా, ఎందుకైనా మంచిదని, సూపరింటెండెంటుగారి గదికి నడిచాడు.

సూపరింటెండెంటుగారు మొదట నవ్వింది. “దీపం ఆర్పి చూశావా?”

“చూశాను మేడమ్. చేత్తో కూడా పట్టుకున్నాను.”

ఆవిడ నవ్వు ఆపి, కళ్లజోడు తీసి, వచ్చి చూసింది. ఆవిడ తీరిక వేళల్లో నేరపరిశోధన నవలలు చదువుతుంది. తీరిక లేని వేళల్లోనూ చదువుతుంది.

“ఇది అదనం కాదోయ్,” అంది గొంతు తగ్గించి. “దొంగ వస్తువు తీసుకుపోయేటప్పుడు ఏం చేస్తాడు? దాని చోట నకలు పెడతాడు. నకలు తెచ్చాడు, పెట్టాడు, అసలు తీసేలోపల ఎవరో వచ్చారు. నకలు ఇక్కడే ఉండిపోయింది.”

“కానీ మేడమ్, ఇలాంటిది మన దగ్గర ఇంకోటి లేదుగా. నకలు దేనికి?”

“అదే నేను చెప్పేది. ఇది నకలని నీకెవరు చెప్పారు? మిగతా నూట పద్దెనిమిదిలో నకళ్లు ఎన్నో ఎవరు చూశారు?”

గుమాస్తా వెనక్కి తిరిగి గదంతా చూశాడు. పొద్దున దాకా అమాయకంగా కూర్చున్న కుంచాలన్నీ ఒక్కసారిగా దొంగచూపులు చూస్తున్నట్టు అనిపించింది.

సూపరింటెండెంటుగారు మూడో గదికి తాడు కట్టించి ‘ప్రవేశం లేదు’ అని బోర్డు పెట్టించింది. రోజుకి పట్టుమని పదిమంది కూడా తొంగిచూడని గది అది. బోర్డు పెట్టిన పావుగంటకి తాడు ముందు పాతికమంది చేరారు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి ప్రతివాడూ పక్కవాడికి చెబుతున్నాడు. “నగలట.” “కాదు, శవమట.” “తూకాల గదిలో శవమెందుకూ?” “తూచడానికే.”

గోల విని డైరెక్టరుగారు కిందికి దిగారు. ఆయన భారీ మనిషి. పుట్టినప్పుడే నాలుగున్నర కిలోలట, ఆ మాట ఆయనే ప్రతి సభలోనూ చెప్పుకుంటారు. ఆయన డాక్టరేటు చేసింది ఈ గది మధ్యలో ఉన్న పెద్ద రాచత్రాసు మీద. ‘రాజభాండాగారమున బంగారము తూచినది’ అని దాని కింద పలక. దాని ఎడమ పళ్లేనికున్న సొట్ట మీదే ఆయన అరవై పేజీలు రాశారు, అది న్యాయం ముందు రాజు తలవంచిన గుర్తని.

“నా రాచత్రాసు క్షేమమేనా?” అన్నారు ముందుగా.

“ప్రస్తుతానికి కనిపిస్తోంది సార్,” అంది సూపరింటెండెంటుగారు. “అసలుదో కాదో చెప్పలేం.”

డైరెక్టరుగారు అప్పటికప్పుడు పోలీసులకు ఫోను చేశారు.

వచ్చిన ఎస్సై కుర్రాడే గాని చురుకైనవాడు. వస్తూనే స్ప్రింగు త్రాసుకున్న గుడ్డ వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

“మందు వాసన. ఐదు కిలోలకు మించి తూచదు. అంటే చిన్న చిన్న పొట్లాలుగా అమ్మే సరుకు.” త్రాసు తిప్పి వెనక వైపు టార్చి వేశాడు. ఇత్తడి మీద వరసగా మేకుతో గీసిన గీతలు కనిపించాయి. లెక్కపెట్టాడు. “నలభై ఒకటి. నలభై ఒక్క బేరాలు. గట్టి ముఠాయే. పోలీసులు వెతకని చోటు ఏదా అని చూసి మ్యూజియంలో దాచారు.”

పొద్దున ఒక అంకె తేడా. పదకొండింటికి నకిలీ వస్తువులు. పన్నెండున్నరకి మత్తుమందుల ముఠా. గుమాస్తా గోడ గడియారం వైపు చూశాడు. నాలుగింటికి డైరెక్టరుగారి కారు.

“తాళం ఎవరి దగ్గరుంటుంది?” అన్నాడు ఎస్సై.

అందరూ తాళాలాయన వైపు చూశారు. ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి అడిగారు.

“బీరువా తెరిచింది నువ్వేనా?”

“నేనే.”

“ఇది పెట్టింది?”

“నేనే పెట్టాను. నంబరు కూడా నేనే వేశాను. నంబరు లేకుండా బీరువాలో వస్తువు ఉండకూడదని రూలు కదండీ.”

“ఎవరిచ్చారు?”

“అది చెప్పను. మాటిచ్చాను. వాళ్లే చెప్పుకుంటామన్నారు, లెక్కల రోజున.” ఆయన గుమాస్తా వైపు తలతిప్పి చూశాడు. “బాబుగారికి ముందే చెప్పా. ఇంట్లో అడగమని.”

“చూశారా సార్, ఇంకా వెటకారమే,” అన్నాడు గుమాస్తా.

ఫిర్యాదు రాసే పని అతని మీదే పడింది. అందులో అతనికి ఎదురులేదు. నాలుగు పేజీలు, మూడు ప్రతులు రాశాడు. తాళాలాయన పేరు తెల్లకాగితం మీద పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రెండేళ్లుగా ఆ మనిషి తన టీలో సగం పోసి ఇస్తున్నాడు. కానీ ఖాయం కావాల్సిన కాగితం పైగదిలో ఎదురుచూస్తోంది. రాశాడు. చివర్లో, ఎందుకైనా మంచిదని, ఎవరూ అడక్కపోయినా ఒక వాక్యం చేర్చాడు: ‘సదరు వస్తువును తెచ్చి ఇచ్చిన వ్యక్తితో పాటు, ఆ వ్యక్తి కుటుంబ సభ్యులందరినీ, ముఖ్యంగా ఒకే ఇంట నివసించువారిని, ఎట్టి మినహాయింపూ లేకుండా విచారించవలసిందిగా కోరుచున్నాను.’ ఎస్సై అది చదివి, “ఇది బాగా రాశారు,” అన్నాడు. గుమాస్తా ప్రొబేషన్‌లో వచ్చిన మొదటి మెప్పు అది.

ఆ ఊపులో ఇంటికి ఫోను చేశాడు. “భోజనానికి రావడం లేదు. ఇక్కడ పెద్ద కేసు. తాళాలాయన దొరికిపోయాడు. ఏదో దొంగసరుకు తూచే త్రాసు తెచ్చి బీరువాలో వేలాడదీశాడు. ఇత్తడిది, కొక్కెం, ఒక తెల్లగుడ్డ...”

అవతల భార్య ఫోను పక్కకి పెట్టి, “అమ్మా,” అని పిలవడం వినిపించింది. ఆ పిలుపు తీరు అతనికి నచ్చలేదు. ఇంకేదో అడిగేలోపల ఫోను కట్ అయింది.

ఈలోగా ఎస్సైకి ఇంకో ఆలోచన వచ్చింది. నూట పద్దెనిమిదీ అసలువో కాదో తేలాలంటే మొదటి రిజిస్టరు కావాలన్నాడు, హెడ్మాస్టరు చేత్తో రాసినది. అది ఇనప్పెట్టెలో ఉంటుంది. ఎవరూ తెరవరు. గుమాస్తా కూడా మొదటి పేజీ ఫోటో తప్ప అసలు పుస్తకం చూడలేదు. డైరెక్టరుగారు ఎందుకో, “అంత పాతది, ముట్టుకుంటే పొడైపోతుంది,” అన్నారు. ఆ మాటతో ఎస్సైకి పట్టుదల పెరిగింది. పుస్తకం వచ్చింది. పొడి కాలేదు. గుమాస్తా పైకి చదవడం మొదలుపెట్టాడు.

“ఒకటి. కుంచము. గానుగ వీధి పెద్దావిడ ఇచ్చినది. రెండు. గజము బద్ద. దర్జీ ఇచ్చినాడు. ఏడు. పెద్ద త్రాసు...” అక్కడ ఆగి, అక్షరాల కింద వేలు పెట్టుకొని చదివాడు. “కట్టెల దుకాణము యజమాని ఇచ్చినది. కట్టెలు తూచినది. ఎడమ పళ్లెమున సొట్ట, మొద్దు పడినందువలన.”

అందరూ రాచత్రాసు వైపు చూశారు. రాచత్రాసు సొట్ట పళ్లెంతో అలాగే నిలబడి ఉంది. డైరెక్టరుగారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

“ఇనస్పెక్టరుగారూ,” అన్నారు, అప్పటిదాకా ఎస్సై అని పిలిచిన మనిషి. “ఇదేదో చిన్న విషయంలా ఉంది. ఒక త్రాసు ఎక్కువైతే దేశానికి వచ్చిన నష్టం ఏముంది? మనలో మనం సర్దుకుందాం.” తర్వాత గుమాస్తా దగ్గరికి వంగి, పళ్ల మధ్య నుంచి, “నా కుర్చీకే ఎసరు పెడతావా? ఎవరు చేయిస్తున్నారు నీ చేత ఇదంతా?” అన్నారు.

జీవితంలో మొదటిసారి గుమాస్తా మీద వేరొకరు కుర్చీ గురించి అనుమానపడ్డారు.

అప్పుడే తాడు దగ్గర జనం రెండుగా చీలారు. మధ్యలోంచి ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో గుడ్డసంచీతో అతని అత్తగారు నడిచి వచ్చింది. కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

“తప్పుకో నాయనా. నీ తమ్ముడు కాళ్లతో ముందు వచ్చిన పిల్లాడు, ఆ రోజు కూడా మీ నాన్న ఇలాగే గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.”

కానిస్టేబులు తప్పుకున్నాడు. ఆవిడ వచ్చి తాళాలాయన పక్కన బెంచీ మీద కూర్చుంది.

“నావల్ల నీకు మాటొచ్చిందా?”

“మాటేం లేదమ్మా. నా కవలలిద్దరికీ ఊపిరి పోసి చేతిలో పెట్టినదానివి. బెంచీ మీద గంటసేపు కూర్చుంటే అరిగిపోతానా.”

“అత్తయ్యగారూ,” అన్నాడు గుమాస్తా. “ఆ త్రాసు...”

“నాదే అల్లుడుగారూ. పసిపిల్లల్ని తూచేది. గుడ్డని లోషనులో ఉడకబెట్టి ఉంచేదాన్ని, ఆ వాసన ఇంకా పోలేదు. వెనక ఒక్కో గీతా వంద కాన్పులు.”

ఎస్సై టార్చి ఆర్పేశాడు. “నాలుగు వేల వందమందా?”

“ఆ పైన ముప్పై ఏడు. గీత నిండలేదు, ఈలోగా మోకాళ్లు పోయాయి.”

“ఇచ్చేదేదో పద్ధతి ప్రకారం ఇవ్వొచ్చు కదమ్మా,” అంది సూపరింటెండెంటుగారు.

“పద్ధతి ప్రకారమే ఉత్తరం రాశాను.” ఆవిడ సంచీలోంచి ఒక అచ్చు చీటీ తీసి ఇచ్చింది. సూపరింటెండెంటుగారు పైకి చదివింది. “తమరు ఇవ్వదలచిన వస్తువునకు చారిత్రక ప్రాధాన్యం చాలనందున స్వీకరించలేకపోవుచున్నాము.” ఆవిడ ఆగి, కింద సంతకం చూసి, గుమాస్తాని చూసింది.

గురువారం గురువారం అతను అలాంటి చీటీల మీద నలభై సంతకాలు చేస్తాడు. ఉత్తరాలు చదవడు, వస్తువు పేరున్న గడి చూస్తాడు. చిరునామాలు రాసి పోస్టు చేసేది వేరే గుమాస్తా. చీటీ తన ఇంటికే వచ్చింది, తన అత్తగారి చేతికే అందింది.

“మరి నాతో ఒక్క మాట అనలేదేమండీ?”

“ఆఫీసు విషయాలు ఇంట్లో ఎందుకని. అయినా మీరే కదా వారం రోజులు చెప్పారు, తెచ్చినవాళ్లని కూర్చోబెట్టి, కథంతా విని, ఆ తర్వాతే కాదనాలని. నన్నెవరూ కూర్చోబెట్టలేదు, కథ వినలేదు. అంటే కాదన్నట్టు లెక్కలోకి రాదు కదా. అందుకని ఉచిత ప్రవేశం రోజున సంచీలో పెట్టుకొచ్చాను. గేటు దగ్గర పోయేవాళ్ల సంచులే చూశారు గాని, వచ్చేవాళ్లవి చూడలేదు.”

అది నిజమే. బయటికి పోయేవాటికి గేటు దగ్గర ముగ్గురున్నారు. లోపలికి వచ్చేవాటికి ఎవరూ లేరు.

ఎస్సై గొంతు సవరించుకున్నాడు. చేతిలో నాలుగు పేజీల ఫిర్యాదు. “అంటే... తిరస్కరించింది ఈయన. తెచ్చింది ఈయన అత్తగారు. అదనం అని కనిపెట్టింది ఈయన. ఫిర్యాదు చేసింది ఈయన.” చివరి పేజీ తిప్పాడు. “ఒకే ఇంట నివసించువారిని ఎట్టి మినహాయింపూ లేకుండా విచారించమని కోరింది కూడా ఈయనే.”

గదిలోని చూపులన్నీ గుమాస్తా మీద వాలాయి. వెనకనున్న కుంచాల చూపులతో కలిపి.

“మూడు ప్రతులున్నాయి సార్,” అన్నాడు తాళాలాయన బెంచీ మీంచి, సాయం చేస్తున్నట్టుగా.

గుమాస్తా ముందు అత్తగారిని చూశాడు, తర్వాత తాళాలాయనని, తర్వాత తన చేతిలో తెరిచి ఉన్న మొదటి రిజిస్టరుని. పక్కన ఉన్న కుర్చీ లాగి, అత్తగారి ముందు వేశాడు. “ఇందులో కూర్చోండి అత్తయ్యగారూ,” అన్నాడు. “కథ చెప్పండి. నేను రాసుకుంటాను.”

ఆవిడ కథ నోటితో చెప్పలేదు. సంచీలోంచి అట్టలు ఊడిన లావుపాటి పుస్తకం తీసి ఇచ్చింది. పేర్లు లేవు. తారీఖు, వీధి, ఎవరి కోడలో, ఎన్నో కాన్పో, బరువు.

“మాది గడియారం వీధి,” అన్నాడు ఎస్సై, కేసుకి సంబంధం లేనట్టు. “కంసాలి ఇల్లు.”

ఆవిడ పేజీలు తిప్పింది. “కంసాలి చిన్నకోడలు, మొదటి కాన్పు. రెండు కిలోల ఏడు వందలు. ఏడవడానికి తొందరపడలేదు, చుట్టూ చూశాడు అని రాశాను. చూడు, ఇప్పటికీ అదే పని.”

ఎస్సై ఆ పేజీ మీద వేలు పెట్టి అలాగే ఉంచాడు. చేతిలోని ఫిర్యాదు ఎప్పుడు మడిచి జేబులో పెట్టుకున్నాడో ఎవరూ చూడలేదు. సూపరింటెండెంటుగారు తన వీధి చెప్పింది. కానిస్టేబులు తన తమ్ముడిది అడిగాడు. తాడు అవతలి నుంచి ఎవరో, “పంపుల సందు, మూడో ఇల్లు చూడమ్మా,” అని కేకేశారు. దాంతో తాడు తెగింది. నూరేళ్లలో మూడో గదిలో అంతమంది నిలబడింది లేదు.

“పోస్టుమాస్టరుగారి కోడలు, రెండో కాన్పు,” అన్నది ఆవిడ డైరెక్టరుగారిని పరకాయించి చూస్తూ. “నేను పనిలో చేరిన కొత్త. నా ఐదో కాన్పు మీరు.”

“అవును, నాలుగున్నర కిలోలు,” అన్నారు డైరెక్టరుగారు, జనానికి వినబడేలా.

ఆవిడ పుస్తకం కాస్త దూరం పెట్టి చదివింది. “కిలో ముప్పావు.”

డైరెక్టరుగారు పుస్తకంలోకి తొంగిచూశారు.

“దూదిలో చుట్టి మూడు వారాలు కాపాడాను. మీ అమ్మ నలుగురికీ వేరే లెక్క చెప్పుకుందంటే తప్పులేదు బాబూ. బతుకుతావో లేదో అన్న పిల్లాడి బరువు ఎవరు చెప్పుకుంటారు?”

డైరెక్టరుగారు చాలాసేపు ఆ గుడ్డ వైపు చూశారు. గుడ్డ చాలా చిన్నది. తర్వాత గుమాస్తా వైపు తిరిగి, “నూట పంతొమ్మిది నమోదు చెయ్యి. తనిఖీ పత్రం తీసుకురా,” అన్నారు.

గుమాస్తా రెండు కాగితాలూ తెచ్చాడు. మూడున్నరైంది. తనిఖీ పత్రం మీద ‘సరిపోయినది’ అని రాశాడు. పక్కన ‘ఇతర వివరములు’ అనే గడి ఖాళీగా ఉంది. అది ఖాళీగా వదిలేస్తే రెండు నిమిషాల్లో కుర్చీ తనదైపోతుంది. పెన్ను ఆ గడి మీద కాసేపు ఆడింది. చివరికి రాశాడు: ‘ఏడో వస్తువు కట్టెలు తూచిన త్రాసు. పలక మార్చవలెను.’

డైరెక్టరుగారు చదివారు. మొహం ఎర్రబడింది. కాగితం పక్కకి పెట్టబోయారు.

“కట్టెలు తూచిందైతే ఏమైంది నాయనా,” అన్నది అత్తగారు. “మీ ఇంట్లో నీళ్లు కాగింది అలాంటి కట్టెల మీదే. లేకపోతే నిన్ను దేంతో వెచ్చగా ఉంచేదాన్ని?”

డైరెక్టరుగారు రెండు కాగితాల మీదా సంతకం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా కారెక్కారు.

సాయంత్రం అల్లుడూ అత్తగారూ నడిచి ఇంటికి వస్తున్నారు. ఖాళీ క్యారేజీ అతని చేతిలో ఉంది. తాళాలాయనకి ఎలా క్షమాపణ చెప్పాలో తెలియక, భోజనం మొత్తం ఆయనకే పెట్టాడు. జేబులో ఖాయమైన కాగితం ఉంది. ప్రతి పది అడుగులకీ ఒకసారి తడిమి చూసుకుంటున్నాడు.

“ఒక్క మాట అడగనా అత్తయ్యగారూ. ఇంతమందివి రాశారు కదా. నాది ఎంత?”

“మీరు ఈ ఊళ్లో పుట్టలేదు కదా. నా పుస్తకంలో లేరు.” ఆవిడ నడక ఆపలేదు. “అందుకే ఈ ఆరేళ్లూ నాకు మీ మీద కాస్త అనుమానంగానే ఉంది అల్లుడుగారూ. ఎందుకైనా మంచిది, ఒకసారి మీ అమ్మగారిని కనుక్కోండి.”

అల్లుడు జేబులోంచి పెన్ను తీసి, ఈ విషయం ఏ రిజిస్టరులో నమోదు చెయ్యాలో తెలియక, మళ్లీ మూత పెట్టాడు.